గన్నవరం నుంచి సర్వీసు ఎత్తేస్తే

నూజివీడు మామిడి సీమకు దగ్గరి విమానాశ్రయం గన్నవరం. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట వైపు పల్లెల నుంచి విమానం ఎక్కాల్సినవాళ్లు ఆగిరిపల్లి మీదుగానో, హనుమాన్ జంక్షన్ దగ్గర జాతీయ రహదారి ఎక్కో ఇక్కడికి చేరతారు. నూజివీడు నుంచి కారులో గంటలోపు దూరం. అమెరికా, ఆస్ట్రేలియాల్లో పిల్లలున్న తల్లిదండ్రులు, గల్ఫ్ దేశాలకు పనికి పోయేవాళ్లు, నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివే దూరప్రాంతాల విద్యార్థులు, బంగినపల్లి, రసాల బేరాల కోసం తిరిగే వర్తకులు ఈ విమానాశ్రయానికి నిత్య ప్రయాణికులు. రెండు దశాబ్దాల్లో గన్నవరానికి చాలా ఎయిర్‌లైన్స్ వచ్చాయి, కొన్ని వెళ్లిపోయాయి, కొన్ని మూతపడ్డాయి. సంస్థ ఊరిని వదిలిన ప్రతిసారీ ముందే డబ్బు కట్టి టికెట్ చేతిలో పెట్టుకున్నవాళ్లు కొందరు మిగిలిపోయారు. వాళ్లకు చట్టం ఏమిచ్చింది, ఏమివ్వలేదు అన్నది ఆ రాకపోకల చరిత్రతో ముడిపడిన విషయం.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక అవసరాలకు ఏర్పడిన ఈ విమానాశ్రయం తరువాత పౌర విమానాలకు దక్కింది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లో దేశంలో విమానాలు నడిపినవి ప్రైవేటు కంపెనీలే. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన డెక్కన్ ఎయిర్‌వేస్ వాటిలో ఒకటి. 1953 ఎయిర్ కార్పొరేషన్ల చట్టంతో ఆ ఏడాది ఆగస్టు 1న డెక్కన్ ఎయిర్‌వేస్ సహా ఎనిమిది కంపెనీల దేశీయ సర్వీసులు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయాయి. కంపెనీల ఆస్తులతోపాటు అవి చేసుకున్న ఒప్పందాలు, వాటి బాకీలు కూడా కార్పొరేషన్‌కు సంక్రమించేలా ఆ చట్టం రాశారు. పాత కంపెనీ పేరుతో టికెట్ కొన్న మనిషి హక్కు కొత్త సంస్థ మీద నిలబడింది. భారతీయ విమానయాన చరిత్రలో కంపెనీ కనుమరుగైనా ప్రయాణికుడి డబ్బుకు చట్టమే పూచీ పడిన సందర్భం అది. ఆ తరువాత మూతపడిన ప్రైవేటు సంస్థల ప్రయాణికులకు అలాంటి రక్షణ దొరకలేదు.

చిన్న ఊళ్లను విమానంతో కలపడానికి 1981లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉమ్మడిగా వాయుదూత్‌ను స్థాపించాయి. డోర్నియర్ లాంటి చిన్న విమానాలతో తెలుగు ఊళ్లకు కూడా సర్వీసులు నడిపిన వాయుదూత్ నష్టాలు భరించలేక ఒక్కో ఊరినీ వదులుతూ వచ్చి, 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. ఊరికి విమానం పోయినా, వెనుక ప్రభుత్వ సంస్థ ఉంది కాబట్టి టికెట్ డబ్బు ఎవరిని అడగాలన్న సందేహం రాలేదు. పైగా ఆ రోజుల్లో విమాన టికెట్ నెలల ముందు కొనే అలవాటు చాలామందికి లేదు. ఎప్పుడు కొన్నా దాదాపు ఒకటే ధర. అందుకే సర్వీసు ఆగిన నాటికి సంస్థ చేతిలో ఉండే ప్రయాణికుల సొమ్ము తక్కువే.

1994లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం రద్దయి ప్రైవేటు సంస్థలకు దారి తెరుచుకుంది. అయితే గన్నవరం ప్రయాణికుడి పరిస్థితిని నిజంగా మార్చింది 2003. ఆ ఏడాది సెప్టెంబరులో ఎయిర్ డెక్కన్ హైదరాబాద్-విజయవాడ సర్వీసు పెట్టింది. ఆరంభ విమానం ఎగరకముందే ఇంజనులో మంటలు రేగి ఆ ప్రయాణం ఆగిపోయింది. సర్వీసు మాత్రం తరువాత నిలదొక్కుకుంది. చౌక టికెట్‌ను ఇంటర్నెట్‌లోనూ, పోస్టాఫీసుల్లోనూ, పెట్రోలు బంకుల్లోనూ అమ్మిన సంస్థ అది. ముందు కొన్నవాడికి తక్కువ ధర, ఆలస్యంగా కొన్నవాడికి ఎక్కువ ధర అన్న పద్ధతిని దేశమంతా అలవాటు చేసిందీ ఆ సంస్థే. తక్కువ ఛార్జీ కోసం రెండు మూడు నెలల ముందే డబ్బు కట్టడం అప్పటినుంచి సాధారణమైంది. నూజివీడు తోటల్లో పూత మీదే కాపు బేరం చేసి బయానా ఇచ్చే వర్తకుడి స్థితి లాంటిదే ఇది. చేతికి రాని పంటకు ముందే సొమ్ము చెల్లించినట్టు, ఎగరని విమానానికి ముందే ఛార్జీ చెల్లించడం. ఎయిర్‌లైన్స్ రోజువారీ ఖర్చుల్లో పెద్ద భాగం ఈ ముందస్తు సొమ్ముతోనే గడుస్తుంది. సంస్థ ఊరిని వదిలినప్పుడు వచ్చే చిక్కంతా ఇక్కడే పుడుతుంది.

2007లో ఎయిర్ డెక్కన్ విజయ్ మాల్యా చేతికి వెళ్లింది. మరుసటి ఏడాది అది కింగ్‌ఫిషర్ రెడ్ అయింది. చౌక సర్వీసు నుంచి తప్పుకుంటున్నట్టు 2011 సెప్టెంబరులో సంస్థ ప్రకటించింది. 2012 అక్టోబరు 1 నుంచి కింగ్‌ఫిషర్ విమానాలన్నీ నేలమీదే ఉండిపోయాయి. అదే నెల 20న పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, లైసెన్సును సస్పెండ్ చేసింది. కింగ్‌ఫిషర్ ఒక్క రోజులో కూలలేదు. ముందు చిన్న ఊళ్లు, తరువాత పెద్ద ఊళ్లు అన్న వరసలో కోసుకుంటూ వచ్చింది. సంస్థకు గడ్డుకాలం వచ్చిందని మొదట తెలిసేది గన్నవరం లాంటి ఊళ్లకేనన్నది అప్పుడు రుజువైంది. 2012 మార్చిలో అంతర్జాతీయ విమాన రవాణా సంఘం తన బిల్లింగ్ విధానం నుంచి కింగ్‌ఫిషర్‌ను తప్పించడంతో ఏజెంట్లు ఆ మార్గంలో టికెట్లు అమ్మలేకపోయారు. సొమ్ము పోగొట్టుకున్నవారిలో ప్రయాణికులతోపాటు వీధి చివర టికెట్ కౌంటరు పెట్టుకున్న చిన్న ఏజెంట్లూ ఉన్నారన్న సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆ సరికే డీజీసీఏ రెండు నిబంధనలు తెచ్చింది. 2008లో వచ్చింది రీఫండ్ల గురించి. 2010 ఆగస్టులో వచ్చింది విమానం రద్దయినా, ఆలస్యమైనా, టికెట్ ఉండి ఎక్కనివ్వకపోయినా సంస్థ ఏం చేయాలన్న దాని గురించి. రెండింటినీ 2016లో గట్టిగా సవరించారు. ఇప్పుడు వర్తించే సూత్రాలు చాలావరకు ఆ సవరణ నాటివే. విమానం రద్దవుతుందని రెండు వారాల ముందు చెబితే సంస్థ ప్రయాణికుడికి ఇష్టమైన ప్రకారం వేరే విమానమో, డబ్బు వాపసో ఇవ్వాలి. రెండు వారాలలోపు, 24 గంటల ముందు దాకా చెబితే, టికెట్‌లో ఉన్న సమయానికి రెండు గంటల తేడాలో బయల్దేరే వేరే విమానమో, రీఫండో ఇవ్వాలి. అలా చెప్పకపోతే నష్టపరిహారం పడుతుంది. గంటలోపు ప్రయాణమైతే 5,000 రూపాయలు, గంట నుంచి రెండు గంటలైతే 7,500, ఆపైన 10,000. అయితే మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి అంతకన్నా తక్కువైతే ఆ తక్కువే ఇస్తారు. గన్నవరం-హైదరాబాద్ ప్రయాణం చిన్నది కాబట్టి ఆ మార్గంలో దక్కేది తక్కువే.

ఈ నిబంధనలో ఒక షరతు నూజివీడు లాంటి ఊళ్లలో ఎక్కువగా దెబ్బతీస్తుంది. బుకింగ్ సమయంలో సరైన ఫోన్ నంబరు, చిరునామా ఇవ్వని ప్రయాణికుడికి నష్టపరిహారం రాదు. ఊళ్లో పెద్దవాళ్లు టికెట్ ఏజెంటు దగ్గర తీసుకుంటారు. ఏజెంటు హడావుడిలో తన నంబరే పెడతాడు. సర్వీసు ఎత్తేసినట్టు వచ్చిన సందేశం ఏజెంటు ఫోన్‌లో వందల సందేశాల కింద పడిపోతుంది. రికార్డు ప్రకారం సంస్థ సందేశం పంపింది, ప్రయాణికుడికి తెలిసింది. నిజానికి ఆయన పెట్టె సర్దుకుని గన్నవరం వచ్చాక గాని సంగతి తెలియదు. రీఫండ్ విషయంలో మాత్రం నిబంధన ప్రయాణికుడి పక్షాన నిలిచింది. ఏజెంటు సంస్థ నియమించుకున్న ప్రతినిధే కాబట్టి డబ్బు తిరిగి ఇచ్చే బాధ్యత ఎయిర్‌లైన్స్‌దే. 2016 సవరణ ప్రకారం క్రెడిట్ కార్డుకు ఏడు రోజులు, ఏజెంటు ద్వారా కొన్న టికెట్‌కు ముప్పై పనిదినాలు గడువు పెట్టారు.

ఈ నిబంధనలన్నిటిలో ఒక లోటుంది. అవి చూసేది ఒక్కో విమానాన్ని. ఊరిని కాదు. పొగమంచు వల్ల ఒక ఉదయం విమానం రద్దు కావడం, ఆ ఊరికి సర్వీసునే ఎత్తేయడం, ఈ రెండూ నిబంధన దృష్టిలో ఒకటే. మొదటి సందర్భంలో సాయంత్రం విమానం ఉంటుంది. రెండో సందర్భంలో అదే సంస్థ చూపే వేరే విమానం హైదరాబాద్ నుంచో, రాజమండ్రి నుంచో బయల్దేరవచ్చు. శంషాబాద్ చేరాలంటే నూజివీడు మనిషికి రోడ్డు మీద ఐదారు గంటలు. ఆ కారు ఖర్చు గురించి నిబంధనలో ప్రత్యేకంగా ఏమీ లేదు. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు ఒక టికెట్, అక్కడి నుంచి విదేశానికి మరో టికెట్ విడివిడిగా కొన్నవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. మొదటి ముక్క రద్దయితే ఆ ముక్క డబ్బు వస్తుంది. దానివల్ల రెండో విమానం తప్పిపోతే ఆ సంస్థకు సంబంధం లేదు. రెండూ ఒకే పీఎన్ఆర్‌లో, అంటే ఒకే బుకింగ్ నంబరు కింద, ఉంటే మాత్రం గమ్యం చేర్చే భారం టికెట్ ఇచ్చిన సంస్థ మీద ఉంటుంది.

దేశీయ సర్వీసుల పట్టికలు ఏటా రెండుసార్లు మారతాయి. మార్చి చివరి ఆదివారం వేసవి పట్టిక, అక్టోబరు చివరి ఆదివారం శీతకాలపు పట్టిక అమల్లోకి వస్తాయి. ఊరిని వదలదలచిన సంస్థ సాధారణంగా ఈ మార్పు దగ్గరే వదులుతుంది. కొత్త పట్టికలో ఆ ఊరి పేరు ఉండదు, అంతే. వేసవి పట్టిక మొదలయ్యే వారాలూ, నూజివీడు తోటల్లో కోతలకు సిద్ధమయ్యే వారాలూ ఒకటే. వర్తకుల రాకపోకలు, సెలవుల ప్రయాణాలు, విదేశాల నుంచి పిల్లలు రావడం అన్నీ ఏప్రిల్, మే నెలల్లో కలిసి పడతాయి. ఆ నెలలకు టికెట్లు జనవరి, ఫిబ్రవరిలోనే కొని ఉంటారు.

అలాంటి ఒక ఫిబ్రవరిలోనే, 2017లో, ఎయిర్ కోస్టా ఆగిపోయింది. విజయవాడ ప్రధాన కేంద్రంగా ఎల్ఈపీఎల్ గ్రూపు పెట్టిన సంస్థ అది. 2013 అక్టోబరులో ఎంబ్రాయర్ విమానాలతో మొదలైంది. విజయవాడ, విశాఖ, తిరుపతి, హైదరాబాద్, చెన్నై, బెంగళూరుతోపాటు జైపూర్, అహ్మదాబాద్ దాకా వెళ్లింది. 2014 ఫిబ్రవరిలో సింగపూర్ వైమానిక ప్రదర్శనలో ఎంబ్రాయర్ కొత్త తరం విమానాలు 50 కొనడానికి ఒప్పందం చేసుకుంది. కృష్ణా జిల్లా నుంచి ఒక విమాన సంస్థ ఇంత పెద్ద కొనుగోలు ప్రకటించడం ఈ ప్రాంతానికి గర్వంగా తోచింది. అదే ఏడాది జూన్‌లో రాష్ట్రం విడిపోయి, రాజధాని ఈ పక్కకే రాబోతోందని తెలియడంతో గన్నవరానికి రద్దీ కూడా పెరిగింది. కానీ ఆ విమానాలు ఏవీ రాలేదు. 2016 ఆగస్టులో అద్దె విమానాల విషయంలో వచ్చిన పేచీతో సర్వీసులు కొద్దికాలం నిలిచాయి. 2017 ఫిబ్రవరి 28న డబ్బు చాలక మొత్తం ఆగిపోయాయి. మళ్లీ ఎగరలేదు. ఆ ఏడాది జనవరి 12న గన్నవరంలో కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. టెర్మినల్ తెరిచిన రెండు నెలలలోపే ఊరి సొంత ఎయిర్‌లైన్స్ మూతపడింది.

ఎయిర్ కోస్టా ప్రయాణికుడికీ, మరో సంస్థ ఊరిని వదిలితే నష్టపోయే ప్రయాణికుడికీ తేడా ఇక్కడ స్పష్టమవుతుంది. బతికున్న సంస్థ ఊరిని వదిలితే దానికి ఇంకా విమానాలున్నాయి, ఖాతాలో డబ్బుంది, డీజీసీఏ మాట వినక తప్పదు. సంస్థే ఆగిపోతే రీఫండ్ నిబంధన కాగితం మీద ఉంటుంది గాని, చెల్లించడానికి చేయి ఉండదు. కార్డుతో కట్టినవాళ్లకు బ్యాంకులో వివాదం నమోదు చేసి చార్జ్‌బ్యాక్ అడిగే దారి ఉంది. నగదు ఇచ్చినవాళ్లకు ఆ దారి లేదు. ఏజెంటు ముందుగా సంస్థ దగ్గర డిపాజిట్ కట్టి టికెట్లు అమ్మే పద్ధతి ఉన్నచోట, ఆ డిపాజిట్‌లో మిగిలిందీ ఇరుక్కుపోతుంది.

2016లో వచ్చిన దివాలా స్మృతి ఈ విషయాన్ని ఒక పద్ధతిలో పెట్టింది. పద్ధతి వచ్చింది గాని ప్రయాణికుడికి ఊరట రాలేదు. గన్నవరం నుంచి కూడా కొన్నాళ్లు నడిచిన జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగింది. జూన్‌లో దివాలా ప్రక్రియ మొదలైంది. ఐదేళ్లకు, 2024 నవంబరు 7న, సుప్రీంకోర్టు దాన్ని లిక్విడేషన్‌కు పంపింది. గో ఫస్ట్ 2023 మే నెలలో తానే దివాలా కోరింది. దివాలా ప్రక్రియ మొదలయ్యాక సంస్థ మీద దావాలు నిలిచిపోతాయి. టికెట్ డబ్బు అడగాలంటే క్లెయిమ్ దాఖలు చేసి ఎదురుచూడాలి. స్మృతి 53వ సెక్షన్ చెప్పే వరసలో ముందు ప్రక్రియ ఖర్చులు, ఆ తరువాత కార్మికుల బకాయిలు, తాకట్టు ఉన్న బ్యాంకులు, ఇతర ఉద్యోగుల జీతాలు, తాకట్టు లేని ఆర్థిక రుణదాతలు, ప్రభుత్వ పన్నులు వస్తాయి. టికెట్ కొన్నవాడు వీళ్లందరి తరువాత వచ్చే 'మిగిలిన అప్పులు' అన్న గంపగుత్త తరగతిలో ఉంటాడు. అంత కిందికి డబ్బు చేరడం అరుదు.

ప్రభుత్వ సాయంతో నడిచే సర్వీసులది మరో కథ. విజయవాడ-సింగపూర్ ఇండిగో సర్వీసు 2018 డిసెంబరు 4న మొదలైంది. సీట్లు నిండక వచ్చే లోటును రాష్ట్ర ప్రభుత్వం భరించే ఒప్పందం మీద అది నడిచింది. గన్నవరానికి 2017లో అంతర్జాతీయ హోదా వచ్చాక ఇక్కడి జనం ఎంతో ఎదురుచూసిన సర్వీసు అది. విదేశానికి వెళ్లే తల్లిదండ్రులు శంషాబాద్ దాకా రాత్రంతా కారులో కూర్చోనక్కర్లేకుండా పోయింది. 2019 మేలో ప్రభుత్వం మారింది. సాయం గడువు పొడిగించలేదు. జూన్ చివరికి సర్వీసు ఆగింది. అలాంటి సర్వీసు ప్రయాణికుడు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. ఆ విమానం ఎన్నాళ్లు నడుస్తుందో టికెట్ మీద రాసి ఉండదు. అది ప్రభుత్వ ఒప్పందంలో ఉంటుంది. ఆ సర్వీసు మళ్లీ 2025 నవంబరులో గాని రాలేదు.

చిన్న ఊళ్లకు విమానాలు నడపడానికి కేంద్ర ప్రభుత్వం సాయమిచ్చే ఉడాన్ పథకంలోనూ ఇదే పరిస్థితి. 2017 ఏప్రిల్‌లో ఆ పథకం కింద మొదలైన తొలి సర్వీసుల్లో హైదరాబాద్-కడప ఒకటి. దాన్ని నడిపిన ట్రూజెట్ హైదరాబాద్ సంస్థ. కడపను విజయవాడతో కలిపిందీ అదే. మూడేళ్ల సాయం, మూడేళ్ల గుత్త హక్కు అన్నది పథకం లెక్క. ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద ఉడాన్ కింద మంజూరైన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో 112 మాత్రమే మూడేళ్లు పూర్తి చేశాయి. ఆపైన కూడా నిలబడినవి 54.

కరోనా లాక్‌డౌన్‌తో 2020 మార్చి 25న దేశమంతా విమానాలు ఆగాయి. అప్పుడు సంస్థలు డబ్బు ఇవ్వకుండా 'క్రెడిట్ షెల్' అని పేరుపెట్టి టికెట్ సొమ్మును తమ దగ్గరే ఉంచుకున్నాయి. ప్రవాసీ లీగల్ సెల్ కేసులో 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దానికి హద్దులు గీసింది. లాక్‌డౌన్ కాలంలోనే ప్రయాణం కోసం లాక్‌డౌన్‌లో కొన్న టికెట్లకు వెంటనే పూర్తి డబ్బు ఇవ్వాలి. మిగతావాటికి కూడా రీఫండే. ఇవ్వలేని స్థితిలో ఉన్న సంస్థ మాత్రం 2021 మార్చి 31 దాకా క్రెడిట్ షెల్ ఇవ్వవచ్చు. దాన్ని వేరే మార్గంలో వాడుకోవచ్చు, ఇంకొకరికి బదిలీ చేయవచ్చు, వాడకపోతే గడువు చివర డబ్బు తీసుకోవచ్చు. నెలకు మొదట 0.5 శాతం, 2020 జూలై నుంచి 0.75 శాతం చొప్పున దాని విలువ పెరగాలి. తన ఊరి సర్వీసు తిరిగి రాకపోయినా టికెట్ విలువ చావదన్న సూత్రాన్ని ఆ తీర్పు వివరంగా చెప్పింది.

కోర్టుకు వెళ్లే దారి కూడా క్రమంగా దగ్గరైంది. 2007 డిసెంబరులో ఢిల్లీ నుంచి హైదరాబాద్ వచ్చే ఇండిగో విమానం మంచువల్ల ఆలస్యమైన ఉదంతంలో ఒక ప్రయాణికుడు హైదరాబాద్ శాశ్వత లోక్ అదాలత్‌ను ఆశ్రయించాడు. వివాదాలు ఢిల్లీ కోర్టుల్లోనే తేల్చుకోవాలన్న టికెట్ షరతును ఇండిగో చూపింది. ఆ షరతు హైదరాబాద్ లోక్ అదాలత్‌ను అడ్డుకోలేదని 2011 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. పదివేల నష్టపరిహారాన్ని మాత్రం కొట్టేసింది. 1986 వినియోగదారుల చట్టం కింద సంస్థ కార్యాలయం ఉన్నచోటో, వివాదం పుట్టినచోటో ఫిర్యాదు చేయాల్సి వచ్చేది. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన 2019 చట్టం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేసుకునే వీలు కల్పించింది. ఎగరని విమానం మీద నూజివీడు మనిషి ఢిల్లీకో, ముంబయికో తిరగనక్కర్లేదు.

ఊరిని వదిలే విషయంలో అమెరికా చట్టం వేరే దారిలో నడిచింది. 1978లో అక్కడ విమాన సంస్థలకు స్వేచ్ఛ ఇచ్చినప్పుడే చిన్న ఊళ్ల గతి ఏమిటన్న ప్రశ్న వచ్చింది. ఆ రక్షణ కిందికి వచ్చే ఊరికి మిగిలిన ఆఖరి సర్వీసును ఎత్తేయాలంటే నెలల ముందే నోటీసు ఇవ్వాలి. బదులు సంస్థ దొరికేదాకా ముప్పయ్యేసి రోజుల చొప్పున అదే సంస్థను నడిపించే అధికారం రవాణా శాఖకు ఉంది. దివాలా తీసిన సంస్థ ప్రయాణికులను అదే మార్గంలో నడిచే ఇతర సంస్థలు ఖాళీ సీట్లలో నామమాత్రపు రుసుముతో తీసుకుపోవాలని 2001లో ఒక చట్టం కూడా చేశారు. కొన్నేళ్లకు దాని గడువు తీరింది. మన దేశంలో అలాంటి ముందస్తు నోటీసు నియమం కొంతమేరకు ఉంది. 2016 జాతీయ పౌర విమానయాన విధానం ఈశాన్య రాష్ట్రాలు, దీవులు, లడఖ్ లాంటి ప్రాంతాల నుంచి సర్వీసు తీసేయాలంటే మంత్రిత్వ శాఖకు మూడు నెలల ముందు తెలపాలంది. గన్నవరం, రాజమండ్రి, కడప ఆ జాబితాలో లేవు.

ఆ మూడు నెలల నియమాన్ని చిన్న ఊళ్లన్నిటికీ విస్తరించడం, ప్రయాణం పూర్తయ్యేదాకా టికెట్ సొమ్మును విడి ఖాతాలో ఉంచడం, ఈ రెండూ చేస్తే సర్వీసు ఎత్తేసినప్పుడు ప్రయాణికుడికి జరిగే నష్టంలో చాలా భాగం తగ్గుతుంది. అది జరిగేదాకా గన్నవరం నుంచి టికెట్ తీసుకునేవారు బుకింగ్‌లో ఏజెంటుది కాకుండా తమ సొంత ఫోన్ నంబరే పెట్టించుకోవాలి, విదేశీ ప్రయాణమైతే మొత్తాన్నీ ఒకే పీఎన్ఆర్‌లో తీసుకోవాలి, డబ్బు కార్డుతో కట్టాలి.